బాపు అరగదీసిన రాళ్లు

మా పై ఫ్లాట్ వాళ్లు వంటగది కొత్తగా చేయించుకుంటున్నారు. పోయిన వారం పొద్దున్నే రాయి కోసే మిషన్ మొదలైంది, మధ్యాహ్నం దాటినా ఆగలేదు. ఇక లాభం లేదని గొడవ పెట్టుకోవడానికే మెట్లెక్కాను. గుమ్మం ముందు ఒక కుర్రాడు నీళ్లు పోసుకుంటూ నల్లటి బండను కోస్తున్నాడు. బూడిదరంగు బురద మెట్ల మీదుగా కిందికి కారుతోంది. ఆ వాసన తగిలేసరికి వచ్చిన పని మర్చిపోయాను. తడి రాయి అరుగుతున్నప్పుడు వచ్చే వాసన అది. మట్టీ ఇనుమూ కలిసి, అడుగున కొంచెం కాలిన వాసన. చిన్నప్పుడు సాయంత్రం సైకిల్ స్టాండు వేసి లోపలికొచ్చే బాపు (నాన్నని అలాగే పిలిచేవాళ్లం) ఒంటి మీద ఇదే వాసన ఉండేది. సబ్బుతో ఎంత రుద్దుకున్నా గోళ్ల సందుల్లో మిగిలేది.

"ఏం రాయి బాబూ ఇది?" అని అడిగాను.

"బ్లాక్ గెలాక్సీ మేడమ్. ఒంగోలు గ్రానైట్. టాప్ క్వాలిటీ."

బాపు బతికి ఉంటే అక్కడే మెట్ల మీద కూర్చుని ఆ కుర్రాడికి పాఠం మొదలుపెట్టేవాడు. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే ఆ నల్లరాయి గ్రానైట్ కాదు, గాబ్రో అనే వేరే అగ్నిశిల జాతిది. అందులో నక్షత్రాలని అందరూ మురిసిపోయే చుక్కలు పైరాక్సీన్ అనే ఖనిజం మెరుపులు. గ్రానైట్ అనిపించుకోవాలంటే క్వార్ట్జ్, అంటే పలుగురాయి ఖనిజం, ఉండాలి. క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ అనే ఇంకో ఖనిజంలో రెండు రకాలు కలిపి లెక్కేస్తే అందులో కనీసం ఐదో వంతు క్వార్ట్జ్ ఉండాలి. ఈ రాయిలో వెతికినా దొరకడం కష్టం. మార్కెట్ వాళ్లకి ఆ లెక్కలు అక్కర్లేదు. గట్టిగా ఉండి పాలిష్ పడితే చాలు, అన్నీ గ్రానైటే. బాపు వాటిని "దుకాణం గ్రానైట్లు" అనేవాడు.

కుర్రాడికి ఇవేవీ చెప్పలేదు. సాయంత్రం లోపు మెట్లు కడిగించమని మాత్రం చెప్పి వచ్చాను.

సెక్షన్ కట్టర్

బాపు ఉద్యోగం పేరు సెక్షన్ కట్టర్. చుట్టాల్లో చాలామంది అదేదో ఆఫీసులో సెక్షన్ చూసుకునే పని అనుకునేవాళ్లు. అమ్మ సరిదిద్దేది కాదు. పెళ్లిళ్లలో దానికి కొంచెం మర్యాద కూడా దక్కేది మరి.

అసలు పని వేరు. రాళ్లను పరీక్షించే ఒక సర్కారు ఆఫీసులో, చేతిలో పట్టేంత రాయిని 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చేదాకా అరగదీసి గాజుపలక మీద అతికించడం ఆయన పని. ఆ పలచటి ముక్కనే సెక్షన్ అంటారు. పుస్తకం కాగితం మందంలో మూడో వంతు కూడా ఉండదు. అంత పలచన చేస్తే ఎంత నల్లటి రాయి అయినా దాదాపుగా వెలుతురును లోపలికి రానిస్తుంది. అప్పుడు దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి లోపల ఏ ఖనిజాలున్నాయో, ఏది ముందు పుట్టిందో, ఏది తర్వాత పుట్టిందో చూస్తారు. ఈ పద్ధతిని పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో హెన్రీ సార్బీ అనే ఆయన పైకి తెచ్చాడు. కొండల్ని మైక్రోస్కోపులో చూడటమేమిటని అప్పట్లో కొందరు నవ్వారట.

బాపు చదివింది ఎనిమిదో తరగతి. ఊరు భువనగిరి దగ్గర. తాత బండలు కొట్టేవాడు. పట్నం వచ్చి ఆ ఆఫీసులో మొదట రాళ్ల సంచులు మోసే పనికి కుదిరాడు. అక్కడున్న ముసలి ఉస్తాద్ ఈ పని నేర్పాడు. ఉస్తాద్‌కి తెలుగు రాదు, బాపుకి అప్పటికి ఉర్దూ అంతంతే. పని నేర్చుకోవడానికి అది అడ్డం రాలేదు.

సెలవుల్లో బాపుకి టిఫిన్ డబ్బా ఇచ్చే వంకతో నేను అక్కడికి వెళ్లేదాన్ని. పొడుగాటి గది, కిటికీల నిండా రాతి దుమ్ము. ఫీల్డు నుంచి జియాలజిస్టులు గుడ్డసంచుల్లో పంపిన రాళ్లు వరసగా ఉండేవి. ఒక్కో రాయి మీద తెల్ల పెయింట్ చుక్క, ఆ చుక్క మీద నల్ల ఇంకుతో నంబరు. ముందు వజ్రపు పొడి అంచున్న చక్రంతో బిళ్ల కోస్తారు. ఆ బిళ్లను గుండ్రంగా తిరిగే ఇనప పళ్లెం మీద కార్బొరండం (రాయిని అరగదీసే గట్టి పొడి), నీళ్లు వేసి అరగదీస్తారు. మొదట గరుకు పొడి, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. పొడి మార్చినప్పుడల్లా చప్పుడు మారేది. గరగరలాడేది కాస్తా సన్నగా బుసకొట్టి, చివరికి దాదాపు వినపడకుండా పోయేది. "ఆంఖ్ సే నై, కాన్ సే దేఖో" (కంటితో కాదు, చెవితో చూడు) అనేవాడట ఉస్తాద్. బాపు నిజంగానే అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ, చప్పుడు మారగానే చేయి ఎత్తేసేవాడు.

ఒక ముఖం నున్నగా అయ్యాక దాన్ని గాజు మీద అంటించాలి. దానికి కెనడా బాల్సమ్. ఫర్ చెట్టు నుంచి తీసే జిగురు, తేనె రంగులో ఉంటుంది. వేడి పలక మీద కాగుతుంటే గదంతా ఘాటైన వాసన. ఆ జిగురే ఎందుకంటే, వెలుతురును అది వంచే తీరు గాజుకీ క్వార్ట్జ్‌కీ బాగా దగ్గర, 1.54 చుట్టుపక్కల. కాబట్టి మైక్రోస్కోపులో జిగురు అడ్డం రాదు. దాని పాకం మాత్రం మహా తలనొప్పి. సూదితో చుక్క తీసి, చల్లారాక గోరుతో నొక్కి చూడాలి. గోరుకి అంటితే ఉడకలేదు, పొడిపొడిగా పగిలితే మాడిపోయింది. ఈ విషయంలో బాపు ఎవర్నీ నమ్మేవాడు కాదు. ఆయన సెలవు పెడితే ఆ రోజు బాల్సమ్ డబ్బా మూత తీయరాదని అలిఖిత నియమం.

ఇక రెండో ముఖం అరగదీయడమే అసలు పరీక్ష. చివరి దశ అంతా గాజుపలక మీద, రెండు వేళ్లతో, సన్న పొడితో. మధ్యమధ్యలో కడిగి మైక్రోస్కోపు కింద చూడాలి. క్వార్ట్జ్ గింజలు పసుపు రంగులో కనిపిస్తే ఇంకా మందం ఉన్నట్టు. లేత బూడిదరంగుకి, తెలుపుకి వచ్చాయంటే ఆపేయాలి. ఆపకపోతే ఇంకో నాలుగు రుద్దులకి రాయి అంచు నుంచి కరిగిపోతూ మొత్తం మాయమైపోతుంది. మిగిలేది జిగురు అంటిన గాజు ముక్క.

పాఠం ఒకటి, చెయ్యి ఒకటి

స్కూల్లో శిలల పాఠం వచ్చింది. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. రాత్రి లాంతరు దగ్గర (మేముండే వారాసిగూడలో కరెంటు మా చదువుల టైముకే పోయేది) నేను గట్టిగా బట్టీ పడుతుంటే బాపు మంచం మీద పడుకుని వింటున్నాడు. కరిగిన శిలాద్రవం చల్లారితే అగ్నిశిల. ఇసుక, బురద, గవ్వలు పొరలుగా పేరుకుని గట్టిపడితే అవక్షేప శిల. ఆ రెండూ వేడికీ ఒత్తిడికీ లోనై, కరగకుండానే ఖనిజాలు మారిపోతే రూపాంతర శిల.

"పేర్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. గని అరగదీస్తె ఎట్లుంటయో రాయలే" అన్నాడు.

తర్వాత ఆయన చెప్పింది పుస్తకంలో ఎక్కడా లేదు. గ్రానైట్ అరిగేటప్పుడు ఒక్క తీరుగా అరగదు. క్వార్ట్జ్ మొండిది, లొంగదు. ఫెల్‌స్పార్ దానికంటే కొంచెం మెత్తన, పొరల వెంట చిట్లుతుంది. అభ్రకమైతే పొడి తగలగానే రేకులు రేకులుగా లేచి గుంట వదిలిపోతుంది. మూడింటినీ ఒకే మట్టానికి తేవాలంటే ఓపిక కావాలి. అదే బసాల్ట్ అయితే గింజలు కంటికి ఆననంత సన్నం, ఒకటే పట్టుగా చివరిదాకా నున్నగా వస్తుంది. రెండూ అగ్నిశిలలే. ఒకటి భూమి లోతున మెల్లగా చల్లారింది కాబట్టి గింజలకు పెరగడానికి వ్యవధి దొరికింది. ఇంకోటి పైకొచ్చి గాలికి గబుక్కున చల్లారింది.

ఇసుకరాయి గింజలు ఊడి వచ్చేస్తాయి. అందుకని కోయకముందే దాన్ని బాల్సమ్‌లో ఉడికించాలి. జిగురు సందుల్లోకి దిగి గింజల్ని పట్టుకుంటుంది. షేల్ రాయి నీళ్లు తగిలితే ఉబ్బి బురదైపోతుంది. పుట్టింది బురదలోంచే కదా. దానికి నీళ్ల బదులు కిరసనాయిలు వాడేవాళ్లు. సున్నపురాయి మీద మాత్రం కన్ను తిప్పడానికి లేదు, గబగబా అరిగిపోతుంది. దాని సెక్షన్లు చేసే రోజు బాపు చాయ్ కూడా తాగేవాడు కాదు.

రూపాంతర శిలల్లో అభ్రకం పొరలున్న షిస్టు వచ్చిందంటే, ఎటు కోయాలన్నది ముందే తేల్చుకోవాలి. పొరల వెంబడి కోస్తే అభ్రకం తప్ప ఏమీ కనపడదు. అడ్డంగా కోస్తేనే ఆ రాయి ఎటు నుంచి నలిగిందో తెలుస్తుంది. ఇక క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుకరాయే, వేడికి గింజలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. "దానికి పొద్దంత చెయ్యి పెట్టి, రాత్రి భుజానికి నూనె పెట్టాలె" అనేవాడు.

తెల్లారి పరీక్షలో నేను పుస్తకంలోదే రాశాను. బాపు చెప్పింది రాస్తే మార్కులెవరేస్తారు!

మైక్రోస్కోపు గది

ఒకసారి ఒక జియాలజిస్టు సార్, పేరు రాయను గానీ మంచి మనిషి, నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. బాపు పొద్దున చేసిన స్లైడు. మామూలు వెలుతురులో చూస్తే ఏముందీ, మసక మసక గాజు. అక్కడక్కడ గోధుమరంగు మరక. సార్ ఏదో బిళ్లను లోపలికి తోశాడు. ఒక్కసారిగా బూడిద, తెలుపు, నలుపు గింజలు, వాటి మధ్య అభ్రకం నీలం, గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో. కింది బల్లను తిప్పితే ఒక్కో గింజ నల్లబడి మళ్లీ వెలిగేది. పూర్తి చుట్టు తిప్పితే నాలుగుసార్లు అలా ఆరి వెలుగుతుందని చెప్పాడు. ఫెల్‌స్పార్‌లలో ఒకదానికి నిలువు చారలు, నలుపు తెలుపు. ఇంకోదానికి అడ్డం నిలువు గీతలు కలిసి అచ్చం బాపు గళ్ల లుంగీ. అది మైక్రోక్లిన్ అని తర్వాతెప్పుడో తెలిసింది.

"ఇది ఎక్కడిది సార్?" అంటే, కిటికీలోంచి బయట గుట్ట చూపించాడు.

ఆ స్లైడ్ల ఆధారంగా రిపోర్టులు రాసేవాళ్లు. వాటిలో ఎందరి పేర్లో ఉండేవి, సెక్షన్ కట్టర్ పేరు ఎక్కడా ఉండేది కాదు. బాపుకి దాని మీద ఫిర్యాదు ఉన్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. నాకుంది.

ఇంటి కింద సముద్రం

మేం అద్దెకున్న పోర్షన్‌లో నేలంతా షాబాద్ బండలు. వంటింటి గట్టు కడప బండ. ఆ రోజుల్లో హైదరాబాద్ మధ్యతరగతి ఇల్లంటే అదే. ఎండాకాలం మధ్యాహ్నం నేల తుడిచి, చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం. ఆ బండల మీద పడితే పలక పగిలేది, మోకాలు చీరుకునేది.

బండ్ల మీద బాత్రూమ్ యాసిడ్ అమ్మేవాళ్లు వచ్చేవారు, గాజు సీసాల్లో. ఒక ఆదివారం బాపు మూతలో కొంచెం పోసుకుని, నీళ్లు కలిపి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి షాబాద్ బండ మీద ఒక చుక్క వేశాడు. బుసబుసమని నురగ. "సూడు, ఊపిరి ఇడుస్తంది" అన్నాడు. కడప బండ మీద ఇంకో చుక్క. అదీ పొంగింది. గుమ్మం బయటున్న రోలు మీద వేశాడు. ఏమీ లేదు, నీళ్లు పడినట్టే. పొంగినవి రెండూ సున్నపురాళ్లు. ఎప్పుడో లోతు తక్కువ సముద్రాల అడుగున సున్నపు బురద పొరలుగా పేరుకుని గట్టిపడినవి. యాసిడ్ తగిలితే వాటిలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది.

అంతా బాగానే ఉంది గానీ, నేల మీద రూపాయి బిళ్లంత తెల్ల మరక శాశ్వతంగా మిగిలింది. గట్టు మీద ఇంకోటి. "అద్దె ఇల్లయ్యా ఇది! ఇంటామెకి ఏం జెప్పాలె?" అని అమ్మ గొంతు వీధి చివరిదాకా వినిపించింది. నిజానికి ఆ గట్టు మీద నిమ్మకాయలు కోసి కోసి అమ్మ చేసిన మచ్చలు అప్పటికే బోలెడున్నాయి. ఆ సంగతి బాపు ఎత్తలేదు. తెలివైనవాడు.

మా స్కూలు సంచిలో కూడా రాళ్లే ఉండేవి. మార్కాపురం పలక ఒకప్పుడు సముద్రపు బురద. అది షేల్‌గా గట్టిపడి, తర్వాత ఒత్తిడికి లోపలి సన్న రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకి తిరిగాయి. అందుకే అంత పలచగా, అంత సాఫీగా చీలుతుంది. బలపం కూడా రూపాంతర శిలే, మెత్తటి టాల్క్ ఉన్న రాయి. పలక మీద బలపంతో అ ఆలు దిద్దుతుంటే ఒక రాయి మీద ఇంకో రాయి అరుగుతున్నట్టు. బలపాలు తినే పిల్లల్లో మా తమ్ముడు మొదటివాడు, వాడి ఖాతాలో ఎంత టాల్క్ పోయిందో చెప్పలేను. పలక చెక్క ఫ్రేము ఊడిపోతే మేకు కొట్టించుకోవడానికి వీధి చివర వడ్రంగి దగ్గర క్యూ ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు.

గుట్టలు

ఆదివారం సాయంత్రాలు ఉస్మానియా క్యాంపస్ వైపు నడక. దారి పొడుగునా గుండ్లు, ఒకదాని మీద ఒకటి. భీముడు ఆడుకుని వదిలేశాడని నానమ్మ చెప్పేది. ఎవరూ పేర్చలేదని బాపు చెప్పేవాడు. అక్కడే, ఆ స్థానంలోనే పుట్టాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట కిలోమీటర్ల లోతున గట్టిపడిన రాయి ఇది. పైనున్న బరువంతా అరిగిపోయేసరికి రాయి ఒత్తిడి తగ్గి పగుళ్లిచ్చింది, అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగాయి. ఫెల్‌స్పార్ మెల్లగా మట్టి అయింది. మూలలకి రెండు మూడు వైపుల నుంచి నీళ్లు తగులుతాయి కాబట్టి అవి ముందు కరిగి, పలకలుగా ఉన్న బండ గుండు అయింది. చుట్టూ ఉన్న మొరం వానలకి కొట్టుకుపోయాక గుండ్లు ఉన్నచోటే ఒకదాని మీద ఒకటి మిగిలాయి.

గుండ్ల మధ్యలో ఒక నల్లటి చార నేల మీద గోడ కట్టినట్టు పోతూ ఉండేది. దాని మీద పరుగెత్తడం మా ఆట. డోలరైట్. గ్రానైట్ గట్టిపడ్డాక, దాని పగులులోకి కింది నుంచి కొత్త శిలాద్రవం దూరి చల్లారింది. గ్రానైట్‌ని కోసుకుంటూ పోయింది కాబట్టి గ్రానైట్ కంటే చిన్నది. వయసు తేల్చడానికి ఈ ఒక్క సూత్రం చాలన్నట్టు మాట్లాడేవాడు బాపు. "ఎవల కడుపుల ఎవలు దూరిన్రో సూస్తె చాలు."

ఇంకో చోట గులాబీరంగు ఫెల్‌స్పార్ అరచేతి అంత పెద్ద ముక్కలతో, మధ్య కాకిబంగారం రేకులతో సిర ఒకటి ఉండేది. పెగ్మటైట్ అంటారు. రేకులు గోటితో ఊడదీసి నోటుబుక్కులో దాచుకునేవాళ్లం. తెల్ల పలుగురాళ్లు ఏరుకొచ్చి, రాత్రి కరెంటు పోయినప్పుడు దుప్పటి కింద ఒకదానికొకటి కొట్టేవాళ్లం. లోపల లేత వెలుగు వచ్చేది, కాలిన వాసన కూడా. కరెంటు పోవాలని కోరుకున్న పిల్లలు మా ఇంట్లోనే ఉండేవాళ్లేమో.

ఆర్ట్స్ కాలేజీ ముందు బాపు ఎప్పుడూ ఆగేవాడు. 1939లో ప్రారంభమైన ఆ భవనం గులాబీ ఛాయ గ్రానైట్‌తో కట్టినది. అందరూ తోరణాలు చూస్తారు, ఈయన రాళ్లు అతికిన చోట్లు వేలితో తడిమేవాడు. సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్తే అంతే. ముసుగు వేసుకున్న రెబెకా విగ్రహం ముందు జనం ముసుగు చూసి ఆశ్చర్యపోతుంటే, "పాలరాయి గాబట్టి వశమైంది, గ్రానైట్ మీద జేయమను సూద్దాం" అన్నాడు. పాలరాయి అంటే సున్నపురాయి వేడికి మళ్లీ గింజ కట్టుకున్నదే, ఉలికి తేలిగ్గా లొంగుతుంది. 1976లో బిర్లా మందిర్ కట్టినప్పుడు రాజస్థాన్ పాలరాయి తెచ్చి మన నల్ల గుట్ట మీద పెట్టారు. ఎండలో చెప్పుల్లేకుండా నడిచినా కాళ్లు కాలవని అమ్మకి అది బాగా నచ్చింది.

ఆ తర్వాతి ఏళ్లలో ఊరు జూబ్లీహిల్స్ దాటి, మాదాపూర్ దాటి పాకింది. గుట్టలు పేల్చేటప్పుడు ముందు ఎర్రజెండా, తర్వాత ఈల, ఆపైన ఢామ్మని చప్పుడు. కిటికీ రెక్కలు అదిరేవి. 1996లో ఈ రాళ్లను కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ మొదలైంది, కొన్ని గుట్టలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. సెంట్రల్ యూనివర్సిటీలో మష్రూమ్ రాక్ ఇప్పటికీ ఉంది. మేం పరుగెత్తిన నల్ల చార మాత్రం లేదు. దాని మీద నాలుగంతస్తుల హాస్టల్ ఉంది.

తాండూరు పాసింజర్

మా మేనత్తది తాండూరు. దసరాకో, ఎవరి పెళ్లికో సికింద్రాబాద్‌లో వాడి జంక్షన్ వైపు వెళ్లే పాసింజర్ ఎక్కేవాళ్లం. కిటికీ సీటు బాపుదే. పిల్లలం ఏడ్చినా ఇచ్చేవాడు కాదు. లింగంపల్లి దాటేదాకా గుండ్లూ, ఎర్ర చెల్కలూ. వికారాబాద్ దగ్గరపడేకొద్దీ గుండ్లు మాయం. నేల నల్లబడేది, పత్తి కనిపించేది. "అగో, లావా మొదలైంది" అనేవాడు. ఎదురు సీట్లోవాళ్లు కంగారుగా బయటికి చూసేవాళ్లు.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరమీద పొరగా పారి గట్టిపడిన దక్కన్ బసాల్ట్ అది. ఈ రోజుకీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది, మన వైపు దాని తూర్పు అంచు. ఒక ప్రవాహానికీ ఇంకో ప్రవాహానికీ మధ్య విరామంలో అక్కడ చెరువులు ఏర్పడేవి, వాటి అడుగున బురద పేరుకునేది. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో అలాంటి పొరలోనే డైనోసార్ల కాలంనాటి చిన్న క్షీరదాల పళ్లు దొరికాయని 1988లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. రెండు అగ్నిశిలల మధ్య ఒక పలచటి అవక్షేప శిల. బాపు ఆ ముచ్చట ఆఫీసులో విని వచ్చి, వారం రోజులు అదే చెప్పాడు.

అనంతగిరి గుట్టల పైన మళ్లీ ఎర్రరాయి, చిల్లులు చిల్లులుగా. అది లేటరైట్. వానలకి బసాల్ట్‌లోని సిలికా అంతా కరిగిపోగా ఇనుము, అల్యూమినియం మిగిలి అలా తయారవుతుంది. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే.

తాండూరులో దిగితే కథ మళ్లీ మారిపోయేది. ఎటు చూసినా బండలు. గోడలు, కంచెలు, పైకప్పులు, అత్త వాళ్ల కుడితి తొట్టి దాకా అన్నీ నీలంవీ పసుపువీ తాండూరు బండలే. సున్నపురాయి, లావా కంటే చాలా పాతది, దాని అడుగు నుంచి బయటికొచ్చిన సముద్రపు పొర. క్వారీలో మనుషులు గడ్డపారలతో ఒక్కో పొరనూ లేపుతుంటే టంగు టంగుమని చప్పుడు. మంచి బండ మోగుతుంది, పగులున్న బండ మూలుగుతుంది. మామయ్య చెవితోనే ఏరేవాడు. ఆయనకీ బాపుకీ అక్కడ కుదిరింది. బావమరుదులిద్దరూ ఏటా గంటలకొద్దీ బండలు తట్టుకుంటూ తిరిగేవాళ్లు, భోజనాలు చల్లారిపోయేవి.

తాత

తాత పద్ధతికి ఏ మైక్రోస్కోపూ లేదు. పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాడు. పైపొర వేడికి సాగి, కింది పొర నుంచి విడివడేది. సమ్మెటతో తట్టుకుంటూ పోయి, బోలుగా మోగిన చోట ఆగేవాడు. గుండును చీల్చాలంటే వరసగా గుంటలు కొట్టి, ఇనప చీలలు దిగేసి, ఒక్కో దాని మీద ఒక్కో దెబ్బ. మొదటి నుంచి చివరికి, మళ్లీ మొదటికి. ఎక్కువ కొట్టేవాడు కాదు. కాసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చుంటే రాయి దానంతటదే టప్పున విచ్చుకునేది. ప్రతి గ్రానైట్‌కీ సులువుగా చీలే దిక్కు ఒకటి ఉంటుంది. అది గింజల అమరికను బట్టి ఉంటుందని బాపు చెప్పేవాడు. తాత మాత్రం రాయి మీద నీళ్లు చల్లి, అవి ఆరే తీరు చూసి చెప్పేసేవాడు. ఇద్దరి మాటా దాదాపు ఎప్పుడూ కలిసేది.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి రాయి తాత వాళ్ల వైపుదే, రాయగిరి దగ్గరిది. ఒకే గ్రానైట్ బండలోంచి చెక్కారు. అందుకని ఆ విగ్రహం మీద మా ఇంట్లో అందరికీ ఏదో హక్కున్నట్టు ఉండేది. 1990లో చెరువులోకి తీసుకెళ్తుంటే మునిగిపోయింది, మనుషులు పోయారు. ఇంటిల్లిపాదీ రేడియో దగ్గర కూర్చున్నాం. తాత పోయినవాళ్ల గురించి బాధపడ్డాడు, విగ్రహం గురించి మాత్రం అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు. "రాయికేంగాదు. నీళ్లల్ల ఉంటె రాయి ఖరాబైతదా?" 1992 చివర్లో దాన్ని పైకి తీసి నిలబెట్టేనాటికి ఆయన లేడు.

కార్బొరండం డబ్బాలు

బాపు రిటైరయ్యేనాటికి కెనడా బాల్సమ్ పోయి ఎపాక్సీ జిగురు వచ్చింది. మందం తనంతట తనే కొలిచే మిషన్లు వచ్చాయి. ఆయన కొన్నాళ్లు వాటి మీద కూడా చేశాడు. పని సులువైందనే అనేవాడు, పాతదే గొప్పని ఎప్పుడూ అనలేదు. దగ్గు మాత్రం చివరిదాకా ఉండింది. నీళ్లతో అరగదీసేటప్పుడు దుమ్ము లేవదు, కానీ పొడి రాళ్లు పగలగొట్టే గది వేరే ఉండేది, మొదటి ఏళ్లలో మాస్కుల మాటే లేదు.

పోయాక అటక దించితే కార్బొరండం డబ్బాలు, చెక్క పెట్టెలో అంచులు చిట్లిన పాత స్లైడ్లు, నంబరు వేసిన రాళ్లు కొన్ని దొరికాయి. ఆఫీసు పారేయమన్నవే తెచ్చుకున్నాడని అమ్మ ముందే ప్రకటించింది, ఎవరూ అడగకముందే. స్లైడ్లు మా చిన్నాన్న మనవడు తీసుకున్నాడు, ఉస్మానియాలో జియాలజీ చదువుతున్నాడు.

ఇక మిగిలింది అమ్మ విసుర్రాయి. ఊరి నుంచి తాత కొట్టించి పంపినది, ఇప్పుడు మా తమ్ముడి ఇంట్లో బాల్కనీలో ఉంది. నల్లగా, సన్న గింజతో, చాలా బరువు. తమ్ముడు గ్రానైట్ అంటాడు. నేను డోలరైట్ అంటాను. గ్రానైట్ అయితే ఆ అంచు దగ్గర ఒక్క క్వార్ట్జ్ గింజైనా చూపించమంటే, అరిగి అరిగి కనపడట్లేదంటాడు. ఆ పిల్లాడేమో చిన్న ముక్క కోసి ఇస్తే సెక్షన్ చేయించి తేల్చేస్తానంటున్నాడు. అమ్మకి ఎనభై దాటాయి. ఆ రాయికి మిషన్ తగిలిందంటే మా ఇద్దరినీ ఇంట్లోకి రానివ్వనంది.